దించని కుర్చీ

వేడెక్కిన పాత ప్లాస్టిక్కుకు ఒక వాసన ఉంటుంది. కొత్తదానికి ఉండే ఘాటు కాదు, ఎండలో మరిచిపోయిన బకెట్టు దగ్గరా, బస్సులో ఇంజను పక్క సీటు దగ్గరా వచ్చే వాసన. మొన్న విశాఖపట్నంలో ఒక ప్రదర్శనశాలలోకి అడుగు పెట్టగానే, అంత ఏసీలోనూ అదే వాసన ముక్కుకు తగిలింది. పైనుంచి పడుతున్న దీపాలకు కుర్చీలు వేడెక్కాయి. హాలు నిండా కుర్చీలే. మా నాన్నల కాలం నాటి విదేశీ ప్లాస్టిక్ కుర్చీలు. నాలుక చాపినట్టు వంగిన ఎర్రది ఒకటి, కోడిగుడ్డు పెంకులా ఉన్న తెల్లది ఒకటి, గాలి ఊది కూర్చునేది ఒకటి. ఒక్కోటీ ఒక్కో దిమ్మె మీద పెట్టి, చుట్టూ తాడు కట్టి, ముందు 'కూర్చోరాదు' అని అట్ట నిలబెట్టారు. వాటికి కాపలాగా గుమ్మం దగ్గర చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒకావిడ నిలబడి ఉంది. పేరు అడిగితే సన్యాసమ్మ అంది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ పొద్దున్నుంచీ అలాగే ఉందట. "మీకు కుర్చీ వెయ్యలేదా?" అన్నాను. "కూకుంటే ఉజ్జోగం పోద్దమ్మా" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. హాలంతా కుర్చీలు పెట్టుకుని ఒక మనిషికి కుర్చీ లేదంటే, దాన్ని ఏమనాలి?

మంట అక్కడితో ఆగలేదు. ఆఖరి మూలలో నా కుర్చీ ఉంది. నేను ఒక కళాశాలలో ఇంటీరియర్ డిజైన్ పాఠాలు చెబుతాను. మా దగ్గర తొలినాటి పల్లెటూరి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉందని తెలిసి నిర్వాహకులు అడిగితే ఇచ్చాను. కాఫీ రంగుది, వీపుకు పేము అల్లినట్టు అచ్చు ఉంటుంది, చేతుల అడుగున తాడు ఒరుసుకుని పడిన గాడులు ఉంటాయి. ఆ గాడులు కనిపించకుండా కుర్చీని గోడవైపు తిప్పి పెట్టారు. పైగా ఏదో ద్రవం రాసి నిగనిగలాడించారు. ముందు అట్ట మీద ఇలా రాశారు: 'చవక కుర్చీ. రూపకర్త ఎవరో తెలియదు. అభిరుచి లోపించిన కాలానికి గుర్తు.' అభిరుచి లోపించిందట. ఆ మాట చదువుతూ, మా ఊరి తవిటమ్మత్త గనక ఇప్పుడు నా పక్కన ఉంటే ఏం చేసి ఉండేదా అనుకున్నాను. ముందు ఆ అట్ట పీకి దానితో విసురుకునేది.

నేను క్లాసులో చెప్పే పాఠమే ఇక్కడ చెప్పాలి. అతుకు లేకుండా, మేకు లేకుండా, ఒకే అచ్చులో ఒకే ముద్దగా కుర్చీ పుట్టాలన్నది దేశదేశాల డిజైనర్లు ఏళ్ళ తరబడి కన్న కల. దాని కోసం ఎన్ని అచ్చులు పగలగొట్టుకున్నారో, ఎన్ని కుర్చీలు కూర్చోగానే ఫెళ్ళుమన్నాయో పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. తొలి ప్రయత్నాలన్నీ కళాఖండాలయ్యాయి. ఆ కల నిజంగా పండి, బకెట్టు పుట్టినంత సులువుగా కుర్చీ పుట్టి, టీకొట్టుకూ మంగలి షాపుకూ కూలివాడి పెరట్లోకీ వచ్చేసరికి పుస్తకం అధ్యాయం ముగించేసింది. కొందరు కూర్చున్నంతకాలం అది డిజైను. అందరూ కూర్చున్నాక అది చెత్త. ఇంతకన్నా అన్యాయమైన చరిత్ర నేను చదవలేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ పలాస నుంచి మందస వెళ్ళే బస్సు ఎక్కి మధ్యలో మా ఊళ్ళో దిగలేదు కాబట్టి, తవిటమ్మత్త సంగతి నేనే చెప్పాలి.

తవిటమ్మత్త మా పక్కింటావిడ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈవిణ్ణి పుట్టగానే చేటెడు తవుడుకు పొరుగువాళ్ళకు అమ్మినట్టు అమ్మి తిరిగి తెచ్చుకున్నారు. అందుకా పేరు. "తవుడు పెట్టి కొన్న గుంటని, నాకేటి ఖరీదు" అని నవ్వేది గానీ, ఆవిడ విలువ తగ్గించి మాట్లాడినవాడికి ఆ పూట అన్నం సయించేది కాదు. మొగుడు పోయాక బస్సు రోడ్డు మీద సామాన్ల కొట్టు పెట్టింది. పెళ్ళికైనా చావుకైనా షామియానాలు, వంట గుండిగలు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు. మొదట్లో ఇనుప మడత కుర్చీలు ఉండేవి. ఎండలో పెడితే కాలేవి, మడిస్తే వేళ్ళు నలిగేవి. నేను చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు ఒకరోజు బరంపురం నుంచి లారీలో ప్లాస్టిక్ కుర్చీలు దించింది. ఊరంతా చుట్టూ మూగింది. ఎండకు కరిగిపోతాయని ఒకరు, బీడీ తగిలితే మండిపోతాయని ఒకరు. ఆవిడ వాళ్ళ అన్నను పిలిపించింది. భారీ మనిషి, ఇనుప కుర్చీలనే వంచేసిన ఘనుడు. ఆయన దేవుణ్ణి తలుచుకుని కూర్చున్నాడు. కుర్చీ కాళ్ళు కాస్త ఎడమయ్యాయి, అంతే. లేవబోతే మాత్రం కుర్చీ నడుముకు పట్టుకుని ఆయనతోపాటే లేచింది. జనం పడీ పడీ నవ్వారు. "సూసినారా, కూకున్నోడిని ఒగ్గనంటంది. ఇంతకన్న ఏటి కావాల" అంది తవిటమ్మత్త.

అప్పటిదాకా మా ఊళ్ళో కుర్చీ అంటే పెదబాబు గారి మండువాలో ఉండే టేకు కుర్చీ. పెదబాబు అంటే ఊరి కొబ్బరితోటల్లో సగానికీ, జీడిపిక్కల షెడ్డుకూ యజమాని. మిగతావాళ్ళకు పీట, అరుగు, నులకమంచం, లేకపోతే నేల. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి మగవాళ్ళు సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవారు. దిగమని ఎవరూ చెప్పరు, దిగడం మానినవాడూ లేడు. మా అమ్మ దాలమ్మ ఆ షెడ్డులోనే పనిచేసేది. పొద్దున్నే వెళ్ళి నేల మీద కూర్చుంటే జీడిరసానికి వేళ్ళు నల్లబడి, నడుము కొయ్యబారి సాయంత్రం లేచేది. ఇంటికొచ్చి గోడకు చేరబడి, "ఓలమ్మ, నా నడుం నాది కాదే" అనేది.

తవిటమ్మత్తకు ఒక పట్టుదల ఉండేది. సామాను అడగడానికి వచ్చినవాణ్ణి ముందు "ఎంతమందొస్తారు?" అని అడిగేది. ఆడా మగా, పాలేర్లూ కూలీలూ అందరినీ కలిపి చెప్పాలి. అంతమందికీ కుర్చీలు తీసుకుంటేనే ఇచ్చేది. పెద్దలకు కుర్చీలు చాలు, మిగతావాళ్ళు కింద కూర్చుంటారు అంటే, "అయితే మీరు కూడా కిందే కూకోండి, సాపలిస్తాను" అనేది. చావింటి కుర్చీలు పెళ్ళికి పంపకూడదని ఇంకో పట్టింపు ఉండేది జనానికి. 'వేరే కుర్చీలు ఉన్నాయా?' అని గొంతు తగ్గించి అడిగేవారు. "నిన్న సావింట్లో కూకున్నోడే రేపు పెళ్ళింట్లో కూకుంతాడు. మనిషిని మార్సరు గానీ కుర్చీని మార్సమంటారేటి" అని పసుపునీళ్ళు చల్లి అవే కుర్చీలు వ్యానెక్కించేది. ఆవిడ నోటికి జడిసి కొందరు వేరే కొట్టుకు పోయేవారు. ఆవిడకు లెక్కలేదు.

నేను హైస్కూల్లో ఉండగా పెదబాబు గారింట్లో పెళ్ళి. షెడ్డు పనివాళ్ళందరికీ పిలుపు. అందరికీ సరిపడా కుర్చీలు వేస్తామని ఒప్పుకునే సామాను తీసుకెళ్ళారు. తీరా మేం వెళ్ళేసరికి పందిరి ముందు భాగంలో కుర్చీలు, వెనక మాకు టార్పాలిన్ పరిచి ఉంది. మిగిలిన కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి గోడవారన నిలబెట్టేశారు. తవిటమ్మత్త వచ్చి చూసింది. ఆ దొంతరలు ఊడదీసి టార్పాలిన్ చుట్టూ ఒక్కో కుర్చీ వెయ్యడం మొదలుపెట్టింది. గుమస్తా పరుగెత్తుకొచ్చాడు.

"ఏటే తవిటమ్మా ఈ యాగీ? ఆల్లకి కిందే అలవాటు."

"అలవాటు కాదు బాబూ, గతిలేక. రోజల్లా మీ షెడ్డులో కిందే కదా. పెళ్ళికొచ్చి కూడా కిందేనేటి?" అని మా అమ్మ వైపు తిరిగింది. "దాలమ్మొదినా, ముందు నువ్వు కూకో. నువ్వు కూకుంటే అందరూ కూకుంతారు."

అమ్మ కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది. వేసి, అరుగు మీదికి చూసింది. పెదబాబు అక్కడ నిలబడి ఇటే చూస్తున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం ఏ రోజూ రాలేదు కదా ఆయనకు. అమ్మ చెయ్యి తీసేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ కుర్చీ కాలికే వీపు ఆనించి టార్పాలిన్ మీద కూర్చుంది. ఆవిణ్ణి చూసి అందరూ కూర్చున్నారు. నన్ను కూడా చెయ్యి పట్టి కిందికి లాగింది. తవిటమ్మత్త ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేదు. ఖాళీ కుర్చీలన్నీ ఒక్కొక్కటే ఈడ్చుకుపోయి, సన్నాయి మోగుతుండగానే వ్యానులో పడేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా గుమ్మంలో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నడుం నొప్పని నా దగ్గరొచ్చి ఏడుస్తావు, కుర్చీ సూపిత్తే నేల సూత్తావు. నీకు సిగ్గులేదేటే?" అని తవిటమ్మత్త. "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నీ నోటితో నీ కొట్టు పాడుసేసుకుంతన్నావు" అని అమ్మ. కాసేపటికి అమ్మ గొంతు తగ్గించి, "నువ్వు కుర్చీలట్టుకుని ఎల్లిపోతావు. నాను రేపు మళ్ళీ ఆ షెడ్డుకే ఎల్లాల గదా వొదినా" అంది. మర్నాడు పొద్దున్నే తవిటమ్మత్త కాఫీ రంగు కుర్చీ ఒకటి తెచ్చి మా ఇంట్లో పెట్టి, "ఇక్కడైతే కూకుంతావేటి" అని వెళ్ళిపోయింది. అమ్మ దాని మీద తడిబట్టలు ఆరేసింది, బియ్యం చేట పెట్టింది. తలుపు వేసి ఉన్నప్పుడు మాత్రం కూర్చునేది. షెడ్డు నుంచి ఎవరైనా పిలిస్తే లేచి, కుర్చీని తలుపు చాటుకు తోసి బయటికి వెళ్ళేది. నాకు తవిటమ్మత్త కోపం అంటుకున్నది అప్పుడే. అమ్మ మీద కాదు. ఒక మనిషి తన ఇంట్లో తన కుర్చీని దాచుకునేలా చేసిన ఊరి మీద.

అమ్మ అన్నట్టే కొట్టు దెబ్బతింది. పెద్దిళ్ళ పెళ్ళిళ్ళన్నీ కొత్తగా వచ్చిన ఇంకో కొట్టుకు పోయాయి. వాళ్ళు అవే ప్లాస్టిక్ కుర్చీలకు తెల్ల సాటిన్ గుడ్డ తొడిగి వెనక రిబ్బన్ ముడి వేసేవారు, అదీ ముందు వరుసలకే. "పైన పటారం లోన లొటారం. కుర్చీకి లంగా ఎందుకే?" అనేది తవిటమ్మత్త. నేను డిజైన్ చదువుతానంటే బంధువులందరూ అదేం చదువన్నారు. ఆవిడ ఒక్కతే, "సదువు. గానీ సామాను సోకు సూడకు. ఎవుల్ని కూకోబెడతందో, ఎవుల్ని నిలబెడతందో సూడు" అంది. ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి మాట దొరకలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు అమ్మకు కిడ్నీ జబ్బు వచ్చింది. ఉద్దానంలో ఇది ఇంటింటి మాటే కాబట్టి ఎక్కువ చెప్పను. డయాలసిస్‌కు పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చేవాళ్ళం. ఒక ఏడు తుఫాను వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. తెల్లారేసరికి జీడితోటలు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. దారుల నిండా కొబ్బరిచెట్లు అడ్డం. అమ్మకు డయాలసిస్ తప్పిపోయి ఒళ్ళంతా నీరు పట్టింది. ఆస్పత్రి బండి మెయిన్ రోడ్డు దాకా వస్తుందట, ఊళ్ళోకి రాదు. మగవాళ్ళు నులకమంచం మీద మోసుకుపోదామన్నారు. పడుకోబెట్టగానే అమ్మ ఊపిరాడక కొట్టుకుంది. తవిటమ్మత్త మంచాన్ని కాలితో పక్కకు తోసింది. "పడుకోబెడితే సచ్చిపోద్ది. కూకోబెట్టే తీసుకెల్లాల" అని, తలుపు చాటునున్న కాఫీ రంగు కుర్చీ లాగింది. చేతుల కింద నుంచి రెండు వెదురు బొంగులు పోనిచ్చి షామియానా తాడుతో బిగించింది. అమ్మను కూర్చోబెట్టి, నడుము చుట్టూ చీర కట్టి, ఒక బొంగుకు తనూ నేనూ, ఇంకోదానికి షెడ్డులో అమ్మతో పనిచేసే ఇద్దరూ భుజం పట్టాం. ఇనుప కుర్చీ అయితే మోయలేకపోయేవాళ్ళం. టేకు కుర్చీ అయితే ఆ ఆలోచనే వచ్చేది కాదు.

చెట్లు తీసి దారి చేసినది ఊరు మొత్తం మీద ఒకటే వీధి. అది పెదబాబు గారి వీధి. ఇళ్ళు కూలినవాళ్ళ గుమ్మాలు అలాగే ఉన్నాయి గానీ, ఆయన గుమ్మం ముందు చెట్టు మాత్రం పొద్దున్నే తీసేశారు. ఆ వీధిలోంచే వెళ్ళాం. ఆయన వీధిలోకి దిగి నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి, "ఆగండర్రా. ఎవరది? ఏమైంది?" అన్నారు. ఆ గొంతు వినగానే, ఊపిరి సరిగా అందని మా అమ్మ, కాళ్ళు మొద్దుల్లా వాచిన మా అమ్మ, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. బాబు నిలబడి ఉంటే తను కూర్చుని ఉంది కదా. బొంగు ఒక పక్కకు ఒరిగింది. నా భుజం జారింది. అందరం తూలాం.

తవిటమ్మత్త వెనక్కి తిరగలేదు, అరవనూ లేదు. "కూకో వొదినా" అంది. "నువ్వు లేస్తే మేం పడతాం."

అమ్మ ఒక్క క్షణం అలాగే సగం లేచి ఉంది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి కూర్చుని, వీపు ఆనించింది. "ఆగడానికి లేదు బాబూ, తప్పుకోండి" అంది తవిటమ్మత్త. ఆయన తప్పుకున్నారు. సైకిలు మీద పోవడానికే అందరూ జంకిన ఆ వీధిలో మా అమ్మ ఆయన తలకన్నా ఎత్తున కూర్చుని వెళ్ళింది. మెయిన్ రోడ్డు దాకా కుర్చీని ఎక్కడా దించలేదు. ఆ గాడులు ఆనాటివి. అమ్మ బతికింది. ఇంకొన్నేళ్ళు బతికింది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కుర్చీ వీధి గుమ్మంలోనే ఉండేది. షెడ్డు గుమస్తా అటుగా పోతున్నా అమ్మ లేచేది కాదు. "లేవకూడదంట, మా వొదిన సెప్పింది" అనేది నవ్వుతూ. ఆ తర్వాత అమ్మ పోయింది. పోయినేడు తవిటమ్మత్త కూడా పోయింది. ఆవిడ చావింటికి కుర్చీలు ఆవిడ కొట్టులోవే వేశారు, వచ్చిన ప్రతి ఒక్కరికీ.

ఆ కుర్చీని తీసుకొచ్చి, గాడులు గోడవైపు తిప్పి, అభిరుచి లేదని రాశారు. రూపకర్త ఎవరో తెలియదట. అచ్చు ఎవరు పోశారో నాకూ తెలియదు. దాన్ని పల్లకీ చేసిందెవరో తెలుసు. నన్నడిగితే చెప్పేదాన్ని, అడిగారా? నేను తాడు దాటి వెళ్ళి కుర్చీని దిమ్మె మీంచి దింపాను. నిర్వాహకుడు, మర్యాదగా మాట్లాడే కుర్రాడు, కంగారుగా వచ్చాడు.

"మేడమ్, అది ఎగ్జిబిట్."

"అది మా అమ్మ కుర్చీ. ఉంటే నేను వేసిన చోట ఉంటుంది, లేదా నాతో ఇంటికొస్తుంది."

"అట్ట మార్పిస్తాం మేడమ్, కావాలంటే మీరే రాయండి."

"అట్ట కాదు బాబూ నాకు కావలసింది. ఇక్కడ కాపలా ఉండే మనిషికి కుర్చీ లేదు. మీ కంటికి అది కనిపించలేదా?"

అతను సన్యాసమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మొదటిసారే అయి ఉంటుంది. నేను కుర్చీని గుమ్మం దగ్గరికి తెచ్చి, గాడులు అందరికీ కనబడేలా వేసి, ఆవిణ్ణి కూర్చోమన్నాను. ఆవిడ అతని ముఖం చూసింది, నా ముఖం చూసింది. నిలబడి నిలబడి ఉన్న కాళ్ళు ముందుగా ఒప్పుకున్నట్టున్నాయి. కుర్చీ అంచున కూర్చుంది. అంతలో అతని పైఅధికారి ఎవరో బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి వచ్చాడు. సన్యాసమ్మ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద మోపి లేవబోయింది. సరిగ్గా మా అమ్మలాగే.

క్లాసులో నేను మాట్లాడే భాష వేరు. అక్కను అప్పా అనే మా ఊరి మాట నా నోట్లో ఎప్పుడో మూలపడిపోయిందనుకున్నాను. నా చెయ్యి ఆవిడ భుజం మీద పడింది. నోట్లోంచి వచ్చినది మాత్రం తవిటమ్మత్త గొంతు.

"కూకో అప్పా. నువ్వు లేస్తే మేం పడతాం."